సోమక్క తొట్టెల ఇల్లు

సోమక్క నోటికి ఆ సందు సందంతా జంకేది. కాశిబుగ్గలో జిన్నింగు మిల్లు వెనక రెండు గదుల పెంకుటింట్లో కూలి తల్లుల పిల్లల్ని కాస్తూ ఆమె వేసే కేకలు మిల్లు కూతకన్నా దూరం వినబడతాయని జనం నవ్వుకునేవారు. "నీ నోట్ల మన్నుబడ, ఆ సుద్దముక్క ఉమ్మెయ్యి" అని ఒకణ్ణి, "చెడ్డీల పోసుకొని ఆ నవ్వుడేందే" అని ఒకదాన్ని తిట్టేది. తిట్టిన నోరు మూయకముందే చెయ్యి పని చేసేది. ముక్కు తుడిచేది, ముడ్డి కడిగేది, గంజి పట్టేది. పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు. పెద్దవాళ్లు జంకేవారు గాని పిల్లల్లో ఒక్కడూ ఆమెకు జంకేవాడు కాదు.

ఆమెది నర్సంపేట దిక్కు పల్లె. మార్కెట్లో బస్తాలు మోసే సాంబయ్యను చేసుకుని ఓరుగల్లు వచ్చింది. ఆరుగురిని కని ఇద్దరిని దక్కించుకుంది. ఆ ఇద్దరాడపిల్లలూ అత్తగారిళ్లకు వెళ్లిపోయారు. ఒక ఎండాకాలం మిర్చి బస్తాల వరుస మీద పడి సాంబయ్యకు నడుము విరిగింది. ఏడాదిపాటు మంచంలో తీసుకుని పోయాడు పాపం. నొప్పికి తాళలేక రోజూ ఇంత నల్లమందు మింగేవాడు. ఆయన పోయాక ఆ అలవాటు సోమక్క మోకాళ్లకు అబ్బింది. చలికాలం రాత్రుళ్లు రవ్వంత వేసుకుంటే గాని నిద్ర పట్టేది కాదు. కిరాణం షావుకారు దగ్గర చాటుగా తెచ్చుకుని, చిన్న డబ్బీలో పెట్టి, ఆ డబ్బీని నడుము సంచిలో దాచుకునేది.

నల్లమందంటే ఇప్పటివాళ్లు ఉలిక్కిపడతారు. ఆ కాలపు కూలి తల్లులకు అది ఇంటికొచ్చిన చుట్టం లాంటిది. నాటుకు పోయే తల్లి పిల్లను గట్టు మీద పడుకోబెట్టి, పాలల్లో రవ్వంత అరగదీసి నాలుకకు రాస్తే పొద్దు వాలేదాకా పిల్ల లేచేది కాదు. అట్లా పెరిగినవాళ్లు పెరిగారు, పోయినవాళ్లు పోయారు. పోయినవాళ్లను దేవుడు తీసుకుపోయాడనుకున్నారు తప్ప నల్లమందు తీసుకుపోయిందని ఎవరూ అనుకోలేదు. అనుకునే తీరిక ఎవరికుంది? సోమక్క పిల్లలారుగురూ దాని మీదే పడుకున్నారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు హనుమకొండ నుంచి కళావతమ్మ అని ఒక వకీలు భార్య వచ్చి, ఆ పెంకుటిల్లు కిరాయికి తీసుకుని, మహిళా మండలి బోర్డు పెట్టింది. కూలికి పోయే తల్లుల పసిపిల్లల్ని పగలంతా చూసుకోవడానికి సర్కారు గ్రాంటు ఇస్తుందట. బోర్డు మీద శిశు సంరక్షణ కేంద్రం అని రాయించారు గాని, ఆ నోరు తిరగని పేరు ఎవడికి కావాలి? లోపల దూలానికి పాత చీరలతో కట్టిన ఉయ్యాలలు చూసి జనం దాన్ని తొట్టెల ఇల్లు అన్నారు. దానికి ఆయమ్మగా సోమక్క కుదిరింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఢిల్లీ వాళ్లు ఇచ్చిన పైసలు హైదరాబాదులో ఆగేవి, హైదరాబాదు దాటితే ఇంకెక్కడో ఆగేవి. గ్రాంటు వస్తే పిల్లలకు పాలపొడి, సోమక్కకు జీతం. రాకపోతే కళావతమ్మ తన ఇంట్లోంచి బియ్యం మోసుకొచ్చేది. ఆమె మంచిదే, పాపం. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసుకుంది. తల్లులు నెలకు రెండు రూపాయలు కట్టాలి. తల్లి కూలికి పోతోందని, ఇంట్లో ఇంతకు మించి రాబడి లేదని చిట్టీ తేవాలి. ఏడాదికోసారి ఆఫీసరమ్మ వచ్చి చూసి, బాగుందంటే మరుసటేడు గ్రాంటు. లేదంటే లేదు. మొదటి ఏడు వచ్చినావిడ "పిల్లలు గోలగా ఉన్నారు, ఆయమ్మకు అదుపు లేదు" అని రాసిపోయింది. ఇరవై అయిదు మంది పసిపిల్లలున్నచోట గోల కాక భజన వినబడుతుందా! అయినా రాసింది రాసిందే. ఆ ఏడు గ్రాంటు సగం నెలలు ఆగింది.

సోమక్కను పనిలో పెట్టేముందు ట్రైనింగుకు పంపారు. అక్కడ ఒక డాక్టరమ్మ నల్లమందు గురించి గట్టిగా చెప్పింది. పసివాళ్లకు అది ఊపిరిని నిద్రపుచ్చుతుందని, అన్నిసార్లూ ఊపిరి మళ్లీ లేవదని చెప్పింది. పోయిన తన నలుగురూ కళ్ల ముందు కదిలి సోమక్క ఆ పూట అన్నం తినలేదు. తొట్టెల ఇంట్లో ఏ బిడ్డ నోటా అది పెట్టనని దండం పెట్టుకుంది. పెట్టలేదు కూడా. ఏడిస్తే ఎత్తుకునేది, తిట్టేది, ఊపేది. అంతే.

రెండో ఏడు చలికాలంలో చిలుకమ్మ వచ్చింది. చంకలో ఒకడు, వేలు పట్టుకుని ఒకతె. వాడు రాజమల్లు, ఇంకా ఏడాది నిండలేదు. అది మొగిలి, మూడేళ్లది. చిలుకమ్మ మొగుడు నర్సింగం నేతపని సాగక భీవండి మరమగ్గాలకు పోయాడు. మొదట్లో మనియార్డర్లు వచ్చాయి, తర్వాత ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఏదీ రాలేదు. ఆమె జిన్నింగు మిల్లులో పత్తిలో చెత్త ఏరే పనికి కుదిరింది. పక్కింటి ముసలమ్మకు రోజూ ఎనిమిదణాలిచ్చి పిల్లల్ని అప్పజెబితే, ముసలమ్మ వాళ్లను ఎండలో వదిలేసి తాను కునుకు తీసేది. మిల్లుకే వెంట తీసుకుపోతే పత్తి నుసికి రాజమల్లుకు దగ్గు పట్టుకుంది. మేస్త్రీ చూసి, ఇంకోసారి పిల్లలతో కనబడితే పనికి రావద్దన్నాడు.

"చిట్టీ తెచ్చినవా?" అంది సోమక్క.

"మిల్లుల గుమాస్తాను అడిగితే నా పేరే లేదంటాండు అక్కా. రోజు కూలిదానికి చిట్టీ ఇయ్యరట."

"పేరు లేకుంటనే చెత్త ఏరిపిచ్చుకుంటాండా? పా, నేనొత్త."

ఆ మధ్యాహ్నం సోమక్క మిల్లు గేటు ముందు నిలబడి గొంతెత్తింది. సంసారం మొత్తం ఏకరువు పెట్టింది, ముందు గుమాస్తాది, తర్వాత వాళ్ల నాయనది. లారీ డ్రైవర్లు గుమికూడారు. "జర నోరు మూసుకో తల్లీ, నీకు దండం" అని గుమాస్తా చిట్టీ రాసి చేతిలో పెట్టాడు. చిలుకమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడు భీవండి పోయాక అది నవ్వగా చూడలేదని ఆమెతో పనిచేసే ఆడవాళ్లన్నారు.

మొగిలి వచ్చిన రోజే సోమక్కకు అంటుకుపోయింది. "సోమవ్వా, సోమవ్వా" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. రాజమల్లు సంగతి వేరు. తల్లి గుమ్మం దాటగానే వాడు ఏడుపు అందుకునేవాడు. దగ్గు, ఏడుపు, మళ్లీ దగ్గు. వాణ్ణి చూసి పక్క ఉయ్యాలలో వాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. సోమక్క వాణ్ణి చంకనేసుకునే గంజి వండేది, వాణ్ణి భుజాన వేసుకునే ఊడ్చేది. మధ్యాహ్నం చిలుకమ్మ పరుగున వచ్చి పాలిచ్చిపోయేదాకా వాడి నోరు మూతపడేది కాదు.

కళావతమ్మ రెండు మూడుసార్లు చూసి బాధగానే అంది. "సోమక్కా, ఆఫీసరమ్మ వచ్చే టైమైంది. పోయినసారి ఏం రాసిపోయిందో తెలుసు కదా. ఆమె వచ్చిపోయేదాక ఈ బాబును ఇంటి దగ్గర్నే ఉంచుకోమని చెప్పరాదు?"

సోమక్క ఆ మాటను తన తీరుగా చిలుకమ్మ మొహాన కొట్టింది. "నీ కొడుకు నోరు బందు చెయ్యకుంటె ఇద్దర్నీ తీసుకపో. వీని పుణ్యాన అందరి నోట్లె మన్ను పడేటట్టున్నది."

"ఇంటికాడ ఎవరున్నరక్కా?" అంది చిలుకమ్మ. తిట్టినందుకు సోమక్క ఆ రాత్రంతా తననే తిట్టుకుంది.

ఆ తర్వాత రాజమల్లు ఏడుపు తగ్గింది. పొద్దున తల్లి దించిపోతే మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. ఒక వారం గడిచేసరికి కళావతమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "చూసిండ్రా అమ్మా, నా చెయ్యి అసుంటిది" అని సోమక్క పొంగిపోయింది. ఆరుగురు పిల్లల్ని ఆ నిద్ర పుచ్చిన తల్లికి ఆ నిద్ర గుర్తుపట్టడం ఒక లెక్కా? గుర్తుపట్టలేదు. పట్టదలచుకోలేదు. కష్టం తీరిందనుకున్నవాడు ఎట్లా తీరిందని అడుగుతాడా!

ఆఫీసరమ్మ వచ్చే రోజున తెల్లారే సరికి వాకిలి అలికి ముగ్గు పెట్టారు. పిల్లలందరికీ తలలు దువ్వి కాటుకలు పెట్టారు. పది గంటలకు వస్తానన్న మనిషి పన్నెండైనా రాలేదు. పొద్దున్నించి కదలకుండా కూర్చోబెట్టిన పిల్లలు విసిగిపోయి ఒకరి జుట్టు ఒకరు పీక్కోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం చిలుకమ్మ పాలివ్వడానికి వచ్చింది.

"వచ్చిపాయెనా అక్కా ఆఫీసరమ్మ?"

"ఎక్కడ? పొద్దుమీకి వస్తదట. నీ కొడుకు లేచిండు సూడు. ఇప్పుడు వీడు అందుకుంటె నా బతుకు బజార్ల పడ్డట్టే."

చిలుకమ్మ గోడవైపు తిరిగి కూర్చుని పాలిచ్చింది. ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపే కూర్చుంది. తర్వాత వాణ్ణి ఉయ్యాలలో వేసి, కూతకు అందుకోవాలని పరుగెత్తింది.

ఆమె అటు పోగానే రాజమల్లు మూలగడం మొదలుపెట్టాడు. ఏడుపు కాదు, ఏడుపుకు ముందు వచ్చే కూనిరాగం. ఆ రాగం సోమక్క ఎముకల్లోకి ఎక్కింది. సరిగ్గా అప్పుడే సందు మొదట జీపు చప్పుడైంది. కళావతమ్మ చెప్పులు వేసుకుంటూ వాకిట్లోకి ఉరికింది. సోమక్క ఒక్కతే ఉంది ఆ గదిలో. వీడు అందుకుంటే ఇరవై అయిదు మందీ అందుకుంటారు. ఈసారి గ్రాంటు పోతే ఇల్లు మూత. తాను ఏ ఇంట్లోనో అంట్లు తోముకుని బతుకుతుంది సరే, వీళ్లంతా మళ్లీ పత్తి నుసిలోకి, ఎండలోకి. చెయ్యి దానంతటదే నడుము సంచిలోకి పోయింది. డబ్బీ మూత తీసింది. రవ్వంత, అంతకన్నా తక్కువే, చనుబాలతో తడిసిన వాడి పెదవుల మీద రాసింది. వాడు చప్పరించాడు. దేవుడా, ఈ ఒక్కసారికే అనుకుంది.

ఆఫీసరమ్మ లోపలికి వచ్చేసరికి రాజమల్లు కళ్లు మూతలు పడుతున్నాయి. ఆమె అన్ని ఉయ్యాలలూ తిరిగి చూసింది. వాడి దగ్గర ఆగి, బుగ్గ మీద వేలితో తట్టి, "ఎంత బుద్ధిగా పడుకున్నాడో" అంది. పోయినసారికి ఈసారికి చాలా మెరుగుపడిందని, అట్లాగే రాస్తానని కళావతమ్మకు చెప్పి టీ తాగి వెళ్లిపోయింది. కళావతమ్మ సోమక్క రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

సాయంత్రం మిల్లు విడిచాక చిలుకమ్మ వచ్చి కొడుకును ఎత్తుకుంది. మెడ నిలవలేదు. "మల్లూ, ఓ మల్లూ" అని కుదిపింది. పెదవులు నల్లబడి ఉన్నాయి. ఊపిరి ఉంది గాని ఒకటి తీసుకున్నాక ఇంకొకటి తీసుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఉన్నపళాన రిక్షా ఎక్కి ఇద్దరూ దవాఖానకు పరుగెత్తారు. మొగిలిని పక్కింట్లో ఎవరికో అప్పజెప్పి పోయారు.

కుర్ర డాక్టరు రెప్పలు విప్పి చూశాడు. గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. తలెత్తి ఇద్దరినీ చూస్తూ, "ఏమన్నా పోసిండ్రా వీనికి?" అని అడిగాడు.

"ఏం పొయ్యలే సారూ" అన్నారిద్దరూ ఒక్కసారే.

వాడికి దగ్గుందని చెప్పారు. నిమ్ము చేసిందనుకుని డాక్టరు సూది వేశాడు, ముక్కుకు గాలి గొట్టం పెట్టించాడు. నిజం చెప్పి ఉంటే ఇంకేదైనా మందు ఉండేదో, ఉన్నా అది ఆ రాత్రి ఆ దవాఖానలో దొరికేదో, ఎవరికి తెలుసు! సోమక్క నోరు తెరవబోయి రెండుసార్లు మూసుకుంది. ఊరంతా వినబడే నోరు అది. తెల్లవారకముందే రాజమల్లు ఊపిరి ఆగిపోయింది.

పాలు తాగే బిడ్డలకు పెద్ద తంతు ఉండదు. గుంత తీసి పూడ్చి వచ్చారు. సందులోవాళ్లు నిమ్ము అన్నారు, పత్తి నుసి అన్నారు, దిష్టి అన్నారు. కళావతమ్మ వచ్చి చిలుకమ్మ దగ్గర కూర్చుని ఏడ్చి, చేతిలో కొంత పెట్టి వెళ్లింది. మళ్లీ గ్రాంటు వస్తుందన్న మాట ఆ వారమే సందులోకి వచ్చింది.

ఒక సాయంత్రం పిల్లలంతా పోయాక చిలుకమ్మ తొట్టెల ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే కూలబడింది.

"నేనే సంపుకున్ననక్కా నా కొడుకును."

సోమక్క చేతిలో చీపురు అట్లాగే ఆగిపోయింది.

"నువ్వు తీసేత్తమన్ననాటి సంది రోజు పొద్దుగాల రవ్వంత నల్లమందు వాని నోట్లె పెట్టి తెచ్చిన. నీకు చెప్తె ఉండనియ్యవని చెప్పలే. ఆ రోజు ఆఫీసరమ్మ రాలేదంటివి. పాలిచ్చుకుంట మళ్ల ఇంత పెట్టిన. డాక్టరు సారు అడిగితె జైల్ల ఏస్తరని భయమై..." అని గుండెలు బాదుకుంది. "నువ్వు కడుపుల పెట్టుకొని సాదినవు. అందరు నీ మీద ఏమనుకుంటాండ్రో అని నీకన్న చెప్పాలనొచ్చిన."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఊరుకుంటే సరిపోయేది. తప్పు మొత్తం తనదేనని తల్లే వచ్చి ఒప్పుకుంటోంది. ఓదార్చి పంపితే సోమక్క ఆ సందులో దేవతలా బతికి ఉండేది. ఒక్క క్షణం ఆ ఆశ పుట్టింది కూడా, ఎందుకు అబద్ధం చెప్పాలి? తర్వాత చిలుకమ్మ ఏడుపును వినలేకపోయింది. తాను చేసినదాన్ని ఇంకో ఆడది ఒంటరిగా మోసుకుపోతుంటే చూడలేకపోయింది.

"నేను గూడ పెట్టిన చిలుకా" అంది.

చిలుకమ్మ ఏడుపు ఆగింది. "ఎప్పుడు?"

"నువ్వు అటు పోంగనె. జీపు చప్పుడు ఇని."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని చెబితే వినడానికి బాగుంటుంది. అట్లాంటిదేం జరగలేదు. చిలుకమ్మ లేచి, సోమక్క కొప్పు పట్టుకుని, రెండు చేతులా తల మీద, వీపు మీద, ఎక్కడ తగిలితే అక్కడ బాదింది. సోమక్క చెయ్యి అడ్డం పెట్టలేదు. కొట్టి కొట్టి చేతులు పడిపోయాక చిలుకమ్మ వెళ్లిపోయింది. పోతూ పోతూ గుమ్మంలో ఉమ్మేసింది.

డబ్బీని ఆ రాత్రే బావిలో పడేసింది సోమక్క. మోకాళ్లు పీకుతుంటే గోడకు చేరబడి కూర్చుంది. పోలీసులు వస్తారనుకుంది, కట్టెలు పట్టుకుని జనం వస్తారనుకుంది. చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేది. ఆదివారం దాటినా ఎవరూ రాలేదు.

సోమవారం మిల్లు మొదటి కూతకు తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని దించి పోయారు. అందరికన్నా వెనక చిలుకమ్మ వచ్చింది. మొగిలి చంకలో ఉంది. ఆమె గుమ్మం ఎక్కలేదు, వాకిట్లోనే నిలబడింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"ఠాణాకు పోదామనుకున్న" అంది. "పోతె నిన్ను పట్టుకపోతరు, నన్ను పట్టుకపోతరు, ఈ ఇల్లు మూత పడ్తది. దీన్నేడ పెట్టాలె నేను? ముసలిదాని దగ్గరనా? పత్తి నుసిలనా?"

సోమక్క గుమ్మం దిగి వాకిట్లోకి వచ్చింది.

మొగిలి "సోమవ్వా" అని రెండు చేతులూ చాపింది. చిలుకమ్మ బిడ్డను ఇవ్వలేదు. ఇంకా గట్టిగా అదుముకుంది. లోపల ఉయ్యాలలో ఎవడో ఏడుపు అందుకున్నాడు. రెండో కూత మొదలైంది, అది ఆగేలోగా గేటు దాటకపోతే ఆ రోజు కూలి లేదు. చిలుకమ్మ ఒక్కడుగు ముందుకు వేసి, సోమక్క మొహం చూడకుండా, పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది.

"దీనికి మాత్రం ఏం పొయ్యకు" అంది.